కొత్త బ్రౌజర్ ‘ఉలా’ – పాత బ్రౌజర్లతో పోలిక

అంతర్జాలంలోని పుటలను తెరచి చూపే సాధనమే బ్రౌజర్. తెలుగులో దీనిని ‘విహరిణి’ అని కూడా వ్యవహరిస్తున్నారు. పరీక్షా ఫలితాలు, ఉద్యోగపు దరఖాస్తులు, బ్యాంకు లావాదేవీలు, భూమి పత్రాలు ఇప్పుడు దీని ద్వారానే అందుతున్నవి. కోలారు జిల్లా సరిహద్దు గ్రామాలలో ఒకే కుటుంబానికి ఇవతల కర్ణాటక వారి ‘భూమి’తోనూ, అవతల ఆంధ్రప్రదేశ్ వారి ‘మీభూమి’తోనూ పని పడుతుంది. కనుక కొత్త బ్రౌజరు ఏది వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అది మన రెండు లిపులను సరిగా చూపుతున్నదా? మన వివరాలను ఎవరికి చేరవేస్తున్నది?

పూర్వ చరిత్ర

తొలి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించారు. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995లోను, మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ 2004లోను, గూగుల్ వారి క్రోమ్ 2008లోను వెలువడినవి. 2000 తరువాతి సంవత్సరాలలో పలు తెలుగు పత్రికలు తమ సొంత ఫాంట్లను వాడినందున, వాటి పుటలు కొన్ని బ్రౌజర్లలో అర్థంలేని గుర్తులుగా కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు ఉపయోగపడినది. యూనికోడ్ వ్యాప్తితో ఆ ఇబ్బంది చాలావరకు తీరినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో స్వస్తి పలికినది.

దేశీయ ప్రయత్నాలు

మన పొరుగున ఉన్న బెంగళూరులో హిడెన్ రిఫ్లెక్స్ అనే సంస్థ 2010లో ‘ఎపిక్’ను విడుదల చేసినది. ఫైర్‌ఫాక్స్ ఆధారంగా తయారైన ఈ బ్రౌజరులో 12 భారతీయ భాషలలో టైపు చేసే వీలు కల్పించారు. 2013లో దానిని క్రోమియం ఆధారంగా మార్చి, గోప్యతయే ప్రధానమని ప్రకటించారు.

తమిళనాడుకు చెందిన జోహో సంస్థ 2023లో ‘ఉలా’ను విడుదల చేసినది. ఉలా అంటే తమిళంలో విహారం, సంచారం. అదే సంవత్సరం కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ దేశీయ బ్రౌజరు కొరకు పోటీ ప్రకటించినది. 2025 మార్చిలో వెలువడిన ఫలితాలలో జోహో ప్రథమ స్థానం పొంది, కోటి రూపాయల బహుమతి అందుకొన్నది.

పోలిక

ఉలా, క్రోమ్, ఎడ్జ్, నేటి ఎపిక్ – ఈ నాలుగూ కంప్యూటరులో క్రోమియం అనే ఒకే పునాదిపై నిలిచినవి. పేర్లు వేరైనా పుటను చిత్రించే యంత్రం ఒక్కటే. క్రోమ్‌లో తెలుగు అక్షరాలు చెదిరి కనిపిస్తే ఉలాకు మారినంత మాత్రాన అవి చక్కబడవు. దోషం చాలాసార్లు ఫాంటులో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ మాత్రం గెకో అనే వేరే యంత్రంపై నడుస్తుంది.

అసలు తేడా గోప్యతలో ఉన్నది. గూగుల్ ఆదాయంలో అధిక భాగం ప్రకటనల నుండి వస్తుంది. మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ అయినా దాని ఆదాయంలో పెద్ద వాటా గూగుల్‌తో గల శోధన ఒప్పందం నుండే లభిస్తున్నది. తాము వినియోగదారుల వివరాలను అమ్ముకోమని జోహో చెప్పుకొంటున్నది. ప్రకటనలను, వెంటాడే కుకీలను అడ్డుకొనే ఏర్పాటు ఉలాలోనే ఉన్నది. పనికి, వ్యక్తిగత వాడుకకు, పిల్లలకు వేర్వేరు విధాలు ఉండటం మరొక సౌకర్యం.  ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఆదేశాల పట్టికలను తెలుగులోనూ, కన్నడలోనూ పెట్టుకొనవచ్చు.

ఇంటిలోనే పరీక్ష

1. కేజీఎఫ్‌లోని ‘రాబర్ట్‌సన్‌పేట’ పేరును టైపు చేసి చూడండి. ‘ర్ట్‌’, ‘న్‌’ పొల్లులుగా నిలవాలి. తరువాతి అక్షరానికి ఒత్తుగా అతుక్కుంటే పేరు చెడుతుంది. ఆ పేరునే కన్నడంలోనూ పరీక్షించండి.

2. ‘భూమి’, ‘మీభూమి’ పుటలను తెరచి చిరునామా చదవండి. ప్రభుత్వ చిరునామాలో ‘జీవోవీ డాట్ ఇన్’ అని ఉండాలి. తాళం గుర్తు ఉంటే సమాచారం దారిలో ఇతరులకు చిక్కదని మాత్రమే అర్థం. ఆ పుట నిజాయితీకి అది హామీ కాదు. మోసపు పుటలకు కూడా ఆ గుర్తు దొరుకుతుంది.

3. మూసి తెరచిన తరువాత పాత పుటల జాబితా, రహస్యపదాలు మిగిలి ఉన్నవేమో పరిశీలించండి.

ఎవరికి ఏది?

పట్టికలు మాతృభాషలో కావలసిన పెద్దలకు ఫైర్‌ఫాక్స్ లేదా క్రోమ్ అనుకూలం. పిల్లలు, పెద్దలు ఒకే కంప్యూటరు వాడే ఇంట ఉలాను ప్రయత్నించవచ్చు. నెట్ సెంటరులో ఏ బ్రౌజరైనా ప్రైవేటు కిటికీలోనే పని చేసి, రహస్యపదాన్ని దాచుకోమంటారా అని అడిగినప్పుడు ‘వద్దు’ అనాలి. అయితే ప్రైవేటు కిటికీ ఆ కంప్యూటరులో జాడలు మిగలకుండా చేయునే గాని, అంతర్జాల సేవాసంస్థ కంటికి మనలను మరుగుచేయదు.

కొత్త బ్రౌజరును తయారీదారు సొంత పుట నుండి గాని, ఫోనులోని అధికారిక యాప్ అంగడి నుండి గాని మాత్రమే దించుకొనవలెను. పాతదానిని వెంటనే తొలగించక, ఒక నెల రోజులు రెండింటినీ వాడి చూచి నిర్ణయించుకొనుట మేలు.