ఆముక్తమాల్యద - స్వప్నాదేశము

కృతిప్రేరకముగా కలను జెప్పుట తెలుఁగున తిక్కననాఁటికే కలదు. కావున ఆముక్తమాల్యదావతారికలోని కలయు సంప్రదాయమాత్రమేయని త్రోసివేయవచ్చును. మాకది సమ్మతము గాదు.

1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలు ఆ కళింగ దండయాత్రయందే శ్రీకాకుళమున (ఇది కృష్ణాతీరమందలిది, ఉత్తరాంధ్రమందలి పట్టణము గాదు) ఏకాదశి నుపవసించెను. ఆ రాత్రి నాలుగవజామున ఆంధ్రవిష్ణువు కలలోఁ గన్పట్టి, తన గోదాపరిణయమును తెలుఁగున రచించి వేంకటేశ్వరున కంకిత మొసఁగుమనెను. భాష, వస్తువు, కృతిపతి మూఁడును కలలోనే నిర్ణీతములైనవి. అంతకుముందు సంస్కృతమున పెక్కు కృతులు వెలయించిన రాజునకు వీనిలో భాషానిర్ణయమే మిక్కిలి గురుతరము.

రాయలు మేల్కాంచినంతనే గంటము పట్టలేదు. ప్రాతఃకృత్యములు దీర్చి, కొలువుండి, విద్వాంసులకు కల నెఱిఁగించెను. వారు దానికి ఫలము చెప్పిరి. కన్నడరాజ్యాధీశుఁడు తెలుఁగున వ్రాయుటకు సభ యంగీకరించిన కారణము ఆ కొలువులోనే లభించినదని మా తలంపు.