కదలుబొమ్మల కూర్పు

తెఱమీద బొమ్మ యొకటి నడచి వచ్చుచుండగా చూచెడివారు, ఆ నడకను ఎవరో మొదటి యడుగునుండి తుదియడుగువఱకు వరుసగా గీచియుందురని తలంచుట సహజము. ఒకప్పు డది నిజమే. సినిమాయంత్రము సెకనుకు 24 చిత్రములను చూపును. ఒక్కొక్క గీతను రెండుమాఱులు ఫొటో తీసి పని తగ్గించుకొన్నను, నిమిషమునకు 720 బొమ్మలు చేతితో గీయవలసినదే. అమెరికాలో డిస్నీ సంస్థవారు 1937లో ప్రదర్శించిన ‘స్నోవైట్’ చిత్రము 83 నిమిషములు నడచును. లెక్క మీరే కట్టుకొనవచ్చును. ప్రవీణుడైన చిత్రకారుడు కదలికలోని ముఖ్యభంగిమలను మాత్రము గీచి విడుచును. నడుమనుండు బొమ్మలను సహాయకులు పూరించెడివారు. వారిలో పెక్కుమంది పేళ్లు తెఱమీద కెక్కలేదు.

ఇంత శ్రమపడి గీచినపిదప, నడక కొంచెము మెల్లగా నుండవలెనని దర్శకు డన్నచో ఆ కాగితములన్నియు బుట్టదాఖలే. ఆ భయమునుండియే ఒక మంచి యలవాటు పుట్టినది. ముతకగీతలను ముందుగా ఫొటోలు తీసి, రీలుగా అతికి, ఆడించి చూచుకొని, అక్కఱలేనిదానిని కోసివేసి, అటుపిమ్మటనే అసలు పని మొదలుపెట్టెడివారు. మనుష్యులు నటించు సినిమాలో కూర్పరి చిట్టచివర వచ్చును. బొమ్మల సినిమాలో మొట్టమొదటనే వచ్చును. నేను చెప్పబోవు చరిత్రకు ఇదియే మూలము.

నడుమ మార్చుటకు వీలున్నదా లేదా యన్నదే ఇందలి ప్రశ్న. తాళపత్రగ్రంథమున నడుమ ఒక ఆకు చేర్పవలెనన్న త్రాడు విప్పిన చాలును. చేర్యాల నకాషీలు చిత్రించు చుట్టపటమున నడుమ ఒక ఘట్టము చేర్పవలెనన్న, దాని క్రిందిభాగమంతయు మఱల వ్రాయవలసినదే. సినిమాఫిల్ము తాళపత్రమువంటిది. 1924లో మూవియోలా యను యంత్రము వచ్చినదాదిగా కూర్పరులు దానిపై చూచుచు, కత్తిరించి, కావలసినచోట అతుకుచుండిరి. 1956లో వచ్చిన వీడియోటేపు చుట్టపటమువంటిది. దానిని కత్తిరించుట కష్టసాధ్యమగుటచే, ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు వరుసగా ఎక్కించుకొనవలసివచ్చెను; నడుమ ఒక తునుక నిడివి మాఱినచో ఆ తరువాతి భాగమంతయు మఱల ఎక్కింపవలసినదే. క్రొత్త సాధనము పాతదానికంటె బిగువుగా మనుష్యుని కట్టివేయుట వింతయే గాని, చరిత్రలో ఇట్టివి తఱచు కలవు.

ఆ కట్టు విప్పుటకు 1971లో సి.బి.ఎస్., మెమొరెక్స్ సంస్థలు కలిసి సి.ఎం.ఎక్స్. 600 అను యంత్రమును చేసినవి. చిత్రములను అయస్కాంతపు పళ్లెములమీద నుంచి, కావలసినదానిని తడవు లేకుండ తీసి చూచుట దాని గొప్ప. ఈ పద్ధతికి నాన్‌లీనియర్ అని పేరు. వరుసకు కట్టువడనిదని మనము చెప్పుకొనవచ్చును. 1989లో ఎవిడ్ సంస్థవారి సాధనము వచ్చెను. దానిపై ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ చిత్రమును కూర్చిన వాల్టర్ మర్చ్‌నకు 1997లో ఆస్కారు బహుమతి లభించెను.

ఇక బొమ్మల సంగతి. కెనడా నేషనల్ రిసెర్చి కౌన్సిలులో బర్ట్నిక్, వైన్ అను నిరువురు, నడుమబొమ్మలను కంప్యూటరే పూరించు పద్ధతిని నిర్మించిరి. దానితో పీటర్ ఫోల్డెస్ 1974లో ‘హంగర్’ అను చిన్నచిత్రము తీసెను. 1995లో ఆద్యంతము కంప్యూటరుతో చేసిన మొదటి పెద్దచిత్రము, పిక్సార్‌వారి ‘టాయ్ స్టోరీ’ వెలువడెను. దానిని రక్షించినదియు ఆ పాత రీలుపద్ధతియే. 1993 నవంబరు 19న ముడిరీలు చూచిన డిస్నీ అధికారులకు కథానాయకుడు దుష్టుడుగా తోచెను, పని ఆగిపోయెను. కథ తిరుగవ్రాసి, రీలు మఱల కూర్చినపిదపనే పని సాగినది.

అయినను కదలిక మాత్రము ఇంకను చుట్టపటముగానే యుండెను. కంప్యూటరుబొమ్మకు మోకాలు, మడమ, మోచేయి మొదలగు ప్రతి కీలునకు ఏ క్షణమున ఎంత వంగవలెనో గుర్తులుండును. నడక పెంచవలెనన్న ఆ గుర్తులన్నిటిని జరుపవలెను. 2000 ప్రాంతమున సాఫ్టిమేజ్ ఎక్స్.ఎస్.ఐ. లోని యానిమేషన్ మిక్సరు, మాయా లోని ట్రాక్స్ ఎడిటరు ఈ చిక్కు విప్పినవి. సాఫ్టిమేజ్ సంస్థ 1998 నుండి కూర్పుయంత్రముల ఎవిడ్‌వారి అధీనమున నుండుట నాకు కాకతాళీయముగా తోచదు. కదలికనే ఫిల్ముతునుకవలె కోసి, క్లిప్పుగా దాచుట వీరి ఉపాయము. రెండడుగుల నడక చేసికొన్నచో దానిని పదిమాఱులు వరుసగా పేర్చవచ్చును, సాగదీయవచ్చును. దానిపై చేయి ఊపుటను వేఱుగా చేర్పవచ్చును. నడకలోనికి పరుగును మెల్లగా కలుపవచ్చును. అసలు క్లిప్పు చెడదు.

ఇందలి కష్టమును కూడ చెప్పవలెను. నడకలో ఎడమకాలు నేల నున్నప్పుడు పరుగులో కుడికాలు నేల నున్నచో, రెండును కలిపినంతనే పాదములు మంచుమీదవలె జాఱును. ముందటి తునుక ముగిసినచోటనే తరువాతి తునుకను నాటనిచో, బొమ్మ దిగ్గున మొదటికి ఎగిరిపోవును. అతుకు ఎక్కడ వేయవలెనో యంత్ర మెఱుగదు. మనుష్యుని కన్నే చూడవలెను. ఒకే నడకను వందబొమ్మలకు తొడిగినచో అది సేనగా గాక కవాతుగా కనుపించును.

సాధనముల యాజమాన్యమును గూర్చి ఒక మాట. సాఫ్టిమేజ్ 2008లో ఆటోడెస్క్ సంస్థ చేతికి పోయెను. 2014లో ఆ సంస్థవారు దానిని ఇక నిలిపివేయుదుమని ప్రకటించిరి. ఏండ్లతరబడి దానిమీద చేయి తిరిగినవారు వేఱొక పరికరము మొదటినుండి నేర్వవలసివచ్చెను. పనివాని నేర్పు ఒకరిది, పనిముట్టు మఱియొకరిది అయినప్పుడు నష్టము పనివానిదే యగుచున్నది. దీనికి మాఱుగా, హాలెండు దేశమున టోన్ రూసెండాల్ 2002లో చందాలు పోగుచేసెను. ఏడువారములలో లక్ష యూరోలు వచ్చినవి. ఆ సొమ్ముతో బ్లెండర్ అను సాధనము విడిపింపబడి సర్వజనుల సొత్తయ్యెను. ఇట్టి క్లిప్పుల కూర్పు అందును కలదు; వెల లేదు.

లాత్వియా దేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితోనే ‘ఫ్లో’ అను చిత్రము తీసెను. ముతకగీతల రీలు గీయింపక, స్థలములను నేరుగా కంప్యూటరులోనే కట్టి, కెమేరాను అందు త్రిప్పి చూచుకొనుచు కథ కూర్చెను. అందలి పిల్లి, కుక్క మొదలగువాని కదలికలు చిత్రకారులు చేతితో చేసినవే. 2025 మార్చిలో దానికి ఆస్కారు బహుమతి వచ్చినది.