ఐసు ట్రే

ఐసు ట్రే అనగా ఇంటి రిఫ్రిజిరేటరులోని ఫ్రీజరు అరలో నీటిని చిన్నచిన్న గడ్డలుగా గడ్డకట్టించే పళ్ళెము. కొన్ని పెద్ద రిఫ్రిజిరేటర్లలో నీరు నింపడం, గడ్డలను బయటికి తోయడం యంత్రమే చేస్తుంది; దానిని ఐసు మేకరు అంటారు. రెండింటిలోనూ తరచుగా వచ్చే ఇబ్బంది, గడ్డ అచ్చును వదలకపోవడం.

కారణాలు

గడ్డకట్టినప్పుడు నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అంచు దాకా నింపిన ట్రేలో నీరు ఉబికి, గడులన్నీ కలిసి ఒకే పలకగా మారతాయి. కొంత ఖాళీ ఉంచి నింపడం దీనికి విరుగుడు. ట్రే అడుగు తడిగా ఉంటే అది ఫ్రీజరుకే అతుక్కుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు సగం కరిగిన గడ్డలు మళ్ళీ ఒకదానికొకటి అంటుకుంటాయి.

అంతగా గమనించని కారణం కఠినజలం. అందులోని లవణాలు గడుల గోడలపై తెల్లని పొరగా పేరుకొని నునుపును పోగొడతాయి. ఆ గరుకుదనాన్ని మంచు గట్టిగా పట్టుకుంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం గ్రానైటు శిలల నేల. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే రోజులుంటాయి కనుక ఐసు వాడకమూ ఎక్కువే. తాగడానికి క్యాను నీరు కొని, ట్రేలో మాత్రం బోరు నీరు పోసే ఇళ్ళలో ఈ పొర త్వరగా కనిపిస్తుంది. నిమ్మరసం కలిపిన నీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో రుద్దితే పోతుంది. పీచుతో గీకరాదు, గీతలు పడితే గడ్డలు మరింత అంటుకుంటాయి.

విడదీయడం

ట్రే అడుగును కొద్దిసేపు కుళాయి నీటి కింద ఉంచితే గోడను ఆనుకున్న పలుచని పొర కరిగి, మెలితిప్పగానే గడ్డలు ఊడతాయి. వంగే స్టీలు ట్రేను అమెరికాలో గై టింకమ్ 1933లో రూపొందించాడు. ఐసు మేకర్లలో కొన్ని అచ్చును హీటరుతో క్షణకాలం వెచ్చబరుస్తాయి, కొన్ని ట్రేను మోటారుతో మెలితిప్పుతాయి. మిద్దెపై ట్యాంకు ఎత్తు చాలక నీటి ఒత్తిడి తగ్గితే గడ్డలు పలుచబడి యంత్రానికి అందవు. ఇటువంటప్పుడు హీటరును అనుమానించే ముందు నీటి గొట్టాన్ని చూడడం మేలు.

ప్రమాదం

కత్తితోగానీ స్క్రూడ్రైవరుతోగానీ పొడవకూడదు. ఒకే తలుపున్న చాలా రిఫ్రిజిరేటర్లలో ఫ్రీజరు గోడలే శీతలవాయువు ప్రవహించే పలుచని అల్యూమినియం రేకులు. చిన్న రంధ్రం పడినా వాయువు పోయి చల్లదనం ఆగిపోతుంది. కొత్త నమూనాలలో తరచుగా వాడే ఐసోబ్యూటేన్ మండే వాయువు. బుసమనే శబ్దం వినిపిస్తే దగ్గరలో నిప్పు వెలిగించకుండా, స్విచ్చులు తాకకుండా కిటికీలు తెరవాలి.