షుగర్, జింకు, ఇనుము: ఒక వాక్యానికి వ్యాఖ్య

మూలం: మధుమేహంలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మ లోహాల సమతౌల్యం చెదురుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు జింకు, క్రోమియం, సెలీనియం కలిపిన మాత్రలు అమ్మేవారు ఆధారంగా చూపేది ఈ మాటనే. మాట నిజమే. అయితే మాత్రలు కొనేముందు ఒక్కో పదం దగ్గరా ఆగి చూడాలి.

ఆక్సీకరణ ఒత్తిడి: 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ భావనకు రూపమిచ్చారు. ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యేటప్పుడు కణాల్లో సూపరాక్సైడ్ లాంటి చురుకైన అణువులు పుడుతూనే ఉంటాయి. వాటిని అణిచే ఎంజైములూ అక్కడే ఉంటాయి. పుట్టేవి మితిమీరి, అణిచే శక్తి చాలకపోతే కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్ఏ దెబ్బతింటాయి. అలాగని ఈ అణువులన్నీ చెడ్డవి కావు. తెల్ల రక్తకణాలు క్రిములను చంపేది వీటి సాయంతోనే. కాబట్టి వీటిని పూర్తిగా తుడిచేయాలనుకోవడం సరికాదు.

పెరుగుతుంది: ఎందుకు? రక్తనాళాల లోపొర, కంటి రెటీనా, మూత్రపిండాల్లోని కొన్ని కణాలు, నరాలు: ఇవన్నీ రక్తంలో చక్కెర పెరిగితే దాన్ని లోపలికి రాకుండా ఆపుకోలేవు. అలా చేరిన అదనపు గ్లూకోజు వల్ల మైటోకాండ్రియాల్లో సూపరాక్సైడ్ పెరుగుతుందనీ, షుగర్ తెచ్చే నష్టాలకు అదే ఉమ్మడి మూలమనీ 2001లో మైకేల్ బ్రౌన్లీ ప్రతిపాదించారు. మరోపక్క, ఆ గ్లూకోజులో కొంత సార్బిటాల్‌గా మారుతూ ఎన్ఏడీపీహెచ్‌ను ఖర్చు చేస్తుంది. కణానికి రక్షణగా నిలిచే గ్లూటాథయోన్‌ను తిరిగి సిద్ధం చేసుకోవడానికి కావలసింది ఆ ఎన్ఏడీపీహెచ్చే. అంటే దాడి పెరిగే వేళకే రక్షణ తగ్గుతోందన్నమాట.

సూక్ష్మ లోహాలు: ఇవి రోజుకు మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో సరిపోతాయి. సూపరాక్సైడ్‌ను అణిచే ఎంజైముకు కణద్రవంలో రాగి, జింకు కావాలి; మైటోకాండ్రియాల్లో మాంగనీసు కావాలి. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైముకు సెలీనియం కావాలి. సెలీనియం పూర్తి లోహం కాకపోయినా పోషణ లెక్కల్లో వీటి సరసనే చేరుస్తారు. జింకుకు ఇంకో పెద్ద పని ఉంది. పాంక్రియాస్‌లోని బీటా కణాల్లో ఆరేసి ఇన్సులిన్ అణువులు రెండేసి జింకు అయాన్లను పట్టుకుని గుంపుగా నిలవ ఉంటాయి. ఈ అమరికను 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఎక్స్-రేలతో చూపించింది. ఇన్సులిన్ విడుదలైనప్పుడల్లా ఆ జింకు కూడా వెంట బయటికి వస్తుంది.

సమతౌల్యం: వాక్యంలో ప్రాణపదం ఇదే. రక్తానికి అత్యవసరమైన ఇనుమే విడిగా, మితిమీరి ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి అతి తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. దీనికి 1894లో ఫెంటన్ వివరించిన చర్యే ఆధారం. తలసీమియా ఉన్నవారికి పదేపదే రక్తం ఎక్కించడంతో ఇనుము పాంక్రియాస్‌లో పేరుకుని షుగర్ రావచ్చు. జింకు ఎక్కువ మోతాదులో చాలాకాలం మింగితే రాగి ఒంటపట్టదు. రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి. నరాలు దెబ్బతిని వచ్చే తిమ్మిరిని షుగర్ తిమ్మిరిగా పొరబడే ప్రమాదమూ ఉంది. అమెరికాలో క్యాన్సర్ నివారణ కోసం రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చిన పరీక్షను 2007లో తిరిగి విశ్లేషిస్తే, దాన్ని తీసుకున్నవారిలోనే షుగర్ ఎక్కువ మందికి వచ్చినట్టు తేలింది. తర్వాతి పెద్ద పరీక్షలో ఆ పెరుగుదల రూఢి కాలేదు, లాభమూ కనబడలేదు.

చెదురుతుంది: చక్కెర అదుపు తప్పినప్పుడు మూత్రంతో పాటు జింకు కూడా ఎక్కువగా పోతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా రక్తంలో జింకు తగ్గి కనిపిస్తుంది. కాబట్టి రిపోర్టులో జింకు తక్కువ ఉంటే, చాలాసార్లు అది జబ్బు ఫలితమే తప్ప మూలకారణం కాదు.

తాత్పర్యం: ముందు సరిచేయాల్సింది చక్కెరను. తిండి విషయానికొస్తే పప్పులు, గింజలు, నువ్వులు మేలు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా వాటిలో జింకును అడ్డుకునే ఫైటేట్లు తగ్గుతాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతూ పాదాలు తిమ్మిరెక్కుతుంటే బీ12 పరీక్ష తప్పక అడగండి. కోబాల్ట్ కేంద్రంగా ఉన్న ఆ విటమిన్‌ను ఆ మందు తగ్గించగలదు, ఆ లోటును పూడ్చుకోవచ్చు కూడా. మిగతా లోహాల మాత్రలు మాత్రం డాక్టరు లోటు చూసి రాస్తేనే వేసుకోండి.