వాలుబాట నిడివి
గడప ఎంత ఎత్తున నున్నచో చక్రాల కుర్చీకి ఎంత వాలుబాట వలయునను లెక్క, రెండవ ప్రపంచయుద్ధమున నడక గోల్పోయిన సైనికులు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చదువ వచ్చిన కాలమున శాస్త్రచర్చకు వచ్చినది. 1948లో గేల్స్‌బర్గ్ ఆవరణమున టిమొతీ న్యూజెంట్ వారికై ఆరంభించిన కార్యక్రమము, మరుసటి యేట ఆ ఆవరణము మూతపడగా, అర్బానా-షాంపేన్‌కు తరలెను. అచటి పరిశోధనల ఫలముగా 1961లో వెలువడిన ఏ117.1 అను ప్రమాణపత్రము, అడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివికి తగ్గరాదని, అనగా వాలు నూటికి 8.33ను మించరాదని నిర్ణయించెను. అంగుళమునకొక అడుగు! తాపీమేస్త్రీ వ్రేళ్లపై గుణించుకొనగల యీ సౌలభ్యమే ఆ సంఖ్యకు దీర్ఘాయువు నొసగెనని నాకు తోచును.

మన పాతయిండ్ల వీధి అరుగు రెండున్నర అడుగుల ఎత్తున్నదనుకొందము. మూడు మెట్లతో, నాలుగు మెట్లతో తీరెడు పనికి 30 అడుగుల బాట కావలసివచ్చును, వీధి చాలక అది మలుపు తిరుగును. ఆ పత్రము ప్రతి 30 అడుగులకొక సమతలమైన విరామస్థలమును గూడ విధించినది. ఎక్కువాని భుజములకు ఊపిరి కావలెను గదా. దిగువ చివరను మాత్రము ఆరడుగుల నేల తిన్నగా, అడ్డులేక విడువవలెననెను, ఏలయన దిగివచ్చు కుర్చీ వెంటనే నిలువదు.