చుండూరుకు వచ్చిన కోర్టు
1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపాక, బతికినవాళ్లు ఊరొదిలి తెనాలిలో తలదాచుకున్నారు. వాళ్లను బాధితులుగానే రాస్తుంటారు గానీ, ఉద్యమం నడిపిందీ వాళ్లే. కారంచేడులో దళితులపై జరిగిన దారుణం తర్వాత 1985లో చీరాలలో దళిత మహాసభ పుట్టింది కాబట్టి, ఎలా కూడగట్టుకోవాలో వాళ్లకు అప్పటికే తెలుసు. మృతదేహాలను ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేక కోర్టులకు వీలిచ్చింది. అలాంటి కోర్టు చుండూరు దాకా నడిచొచ్చింది మాత్రం ఆ పట్టుదల వల్లే.

2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది కదా, ఇక సాధించిందేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సాక్షులు సొంత ఊళ్లో నిలబడి చెప్పిన మాటలు రికార్డుకెక్కాయి. కూలి మానుకుని ఏళ్ల తరబడి దూరపు కోర్టుకు తిరగాల్సి వస్తే, వాళ్లలో ఎంతమంది చివరిదాకా నిలిచేవారు?