బగారా అన్నం, కోడికూర: ఒక విందులోని చరిత్ర

శాసనాలు రాజుల దానధర్మాలను, తవారీఖులు యుద్ధాలను, సంధులను నమోదు చేశాయి. సామాన్య ప్రజలు పండుగనాడు ఏమి వండుకున్నారో, అతిథికి ఏమి పెట్టారో చెప్పే ఆధారాలు మాత్రం అరుదు. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఈ లోటును తీర్చే ప్రయత్నం చేశారు. కావ్యాలలో చెదరి ఉన్న ఆహార విహారాల ప్రస్తావనలను ఏరి, వాటిని చరిత్రకు ఆధారాలుగా నిలిపారు. కావ్యానికి ఎక్కని వంటకాల విషయంలో ఆ వంటకమే ఆధారం కావలసి ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో పెళ్లికీ, బోనాలకూ, దసరాకూ జరిగే దావతులలో వడ్డించే బగారా అన్నం, కోడికూర అటువంటి ఆధారాలలో ఒకటి.

ముందుగా పేరును పరిశీలించడం ఉచితం. ‘బఘార్’ అనేది హిందుస్తానీ మాట. తాలింపు అని దాని అర్థం. కాగిన నూనెలో మసాలా దినుసులు వేయించి వండిన అన్నం బగారా అన్నం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీనినే ‘బగారా ఖానా’ అంటారు. పైకి ఇది పరాయి మాటకు తెలుగు మాట జోడించిన సమాసంగా కనిపిస్తుంది. కానీ నిరుక్తం వేరే కథ చెబుతుంది. ‘బఘార్’కు మూలం సంస్కృతంలోని ‘వ్యాఘారణం’. యజ్ఞంలో నేతిని చిలకరించే క్రియకు అది పేరు. తెలుగువారు తమదిగా భావించే ‘అన్నం’ కూడా సంస్కృతం నుంచి వచ్చినదే. అచ్చతెలుగులో దానిని కూడు, బువ్వ అంటారు. ఏది స్వదేశీయం, ఏది పరదేశీయం అనే విభజన ఒక వంటకం పేరులోనే ఇంత చిక్కుపడి ఉండడం గమనార్హం.

ఇందులో కలిసిన పాకసంప్రదాయాలు రెండు. తెలుగువారి పద్ధతిలో అన్నాన్ని విడిగా వండుతారు. గంజి వార్చిన అన్నానికి స్వతహాగా ఉప్పుకారాలు ఉండవు. పప్పు, కూర, పులుసు, మజ్జిగ వరుసగా కలుపుకొని తినేవారే విస్తరి ముందు దానికి రుచిని కల్పించుకుంటారు. పులిహోర, దద్ధోజనం వంటి వాటిలో సైతం తాలింపు అన్నం ఉడికిన తరువాతనే చేరుతుంది. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన పులావు సంప్రదాయం ఇందుకు భిన్నం. అక్కడ బియ్యం నేతిలో, సుగంధద్రవ్యాలలో, మాంసరసంలో ఉడుకుతుంది. రుచి అంతా పాత్రలోనే పూర్తవుతుంది. పదహారవ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ‘ఐన్-ఇ-అక్బరీ’ అక్బరు వంటశాలలోని పదార్థాలను మూడు తరగతులుగా విభజించింది. మాంసం లేనివి ఒక తరగతి, మాంసంతో బియ్యం మొదలైన ధాన్యాలు కలిపి వండేవి రెండవ తరగతి, మసాలాలతో వండిన మాంసాలు మూడవ తరగతి. మాంసమూ ధాన్యమూ ఒకే పాత్రలో ఉడకడం ఆ వంటశాలలో ఒక ప్రత్యేక విద్యగా గుర్తింపు పొందిందని దీనివల్ల తెలుస్తుంది.

ఈ రెండు సంప్రదాయాలూ తెలుగునాట కలవడానికి తగిన చారిత్రక నేపథ్యం ఉంది. గోల్కొండ రాజ్యస్థాపకుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆయన కుమారుడు ఇబ్రహీం కులీ కుతుబ్ షా రాజ్యానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. 1550 నుంచి 1580 వరకు పాలించి, తెలుగు కవులను ఆదరించి, వారి పద్యాలలో ‘మల్కిభరాము’డయ్యాడు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానా’న్ని ఆయనకే అంకితమిచ్చాడు. 1591లో హైదరాబాదు నగరం వెలసింది. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1724 తరువాత ఆసఫ్‌జాహీల పాలనలో ఉత్తరాది ఉద్యోగులు, సైనికులు, వంటవారు దక్కనులో స్థిరపడ్డారు. దర్బారు భాష పారసీకం, ఆ తరువాత ఉర్దూ అయినప్పటికీ గ్రామంలో పన్ను వసూలు చేసే అధికారీ, పన్ను కట్టే రైతూ తెలుగులో మాట్లాడుకోక తప్పలేదు. మాటలు మారిన దారినే వంటలూ మారాయని భావించడం అసమంజసం కాదు.

ఈ కలయిక స్వరూపం వండే తీరులో స్పష్టమవుతుంది. గుండిగలో నూనె కాగిన తరువాత షాజీరా, లవంగాలు, ఏలకులు, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు వేస్తారు. నిలువుగా కోసిన ఉల్లిగడ్డలు ఎర్రబడ్డాక పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, పుదీనా, కొత్తిమీర చేరుస్తారు. ఒక పాలు బియ్యానికి ఇంచుమించు రెండు పాళ్ల ఎసరు పోస్తారు. నానిన బియ్యమైతే కొంత తగ్గిస్తారు. ఎసరు మరిగాక బియ్యం వేసి, నీరు ఇంకే వేళకు పొయ్యిలోని కట్టెలను వెనుకకు లాగి, మూత మీద నిప్పులు పేర్చి మగ్గనిస్తారు. ఇది పులావు విద్య. పక్క పొయ్యి మీద కోడికూర తయారవుతుంది. నాటుకోడిని మంటపై కాల్చి, పసుపు రాసి, ముక్కలు కోసి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లితో నిదానంగా ఉడికిస్తారు. చివరగా ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు నూరి కలుపుతారు. ఇది తెలుగు ఇంటి కూర.

వంటకంలోని విశేషం ఇక్కడే ఉంది. బిర్యానీలో మాంసమూ బియ్యమూ ఒకే పాత్రలో మగ్గుతాయి. బగారాలో మాంసం పాత్ర నుంచి బయటకు వచ్చింది. అన్నం పులావు పద్ధతిలో వండినా, దానిని కూర కలుపుకొని తినడం తెలుగు పద్ధతిలోనే సాగుతుంది. మరొక విధంగా చెప్పాలంటే పొయ్యి మీద ఒక సంప్రదాయం, విస్తరిలో మరొక సంప్రదాయం నిలిచాయి.

దీనికి రుచి ఒక్కటే కారణం కాకపోవచ్చు. మెట్టపొలాలు అధికంగా ఉన్న తెలంగాణలో నిత్యాహారం జొన్నరొట్టె, గటక. చెరువుల కింద పండిన వరి చాలా కుటుంబాలకు పండుగనాటి భోజనం. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వంటి ప్రాజెక్టుల తరువాతనే వరిసాగు విస్తరించింది. వరి అన్నమూ, పెరట్లోని కోడీ రెండూ అపురూపమైన ఇంట్లో, ఉన్న మాంసాన్ని కూరగా వండి పులుసుతో వడ్డిస్తే ఎక్కువ మందికి అందుతుంది. మాంసం తినని బంధువులు అదే అన్నాన్ని వంకాయకూరతోనో పప్పుచారుతోనో తినగలుగుతారు. ముస్లిం ఇళ్లలో ఇదే అన్నానికి తోడుగా వచ్చే దాల్చాలో పప్పు, సొరకాయ, మాంసంతోపాటు చింతపండు పులుపు ఉండడం తెలుగు పప్పుచారుతో దాని సంబంధాన్ని సూచిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదన్నమాట.

దినుసుల పేర్లు సైతం ఈ చరిత్రనే చెబుతాయి. పుదీనా, షాజీరా పారసీక పదాలు; మసాలా అరబ్బీ మూలం కలది. పారసీకంలోని ‘దార్‌చీనీ’ తెలుగు ‘చెక్క’తో కలిసి దాల్చినచెక్క అయింది. అల్లం, ఉల్లి, కోడి, కూర తెలుగువే. అమెరికా ఖండానికి చెందిన మిరపకాయ 1498 తరువాత పోర్చుగీసువారి రాకతో ఈ దేశానికి చేరింది. అంతకుముందు కారానికి ఆధారమైన మిరియమే దానికి పేరును అప్పగించింది.

ఇటీవలి కాలంలో ఈ విందు రూపం మారింది. కోళ్ల పరిశ్రమ విస్తరించడంతో కోడిమాంసం నిత్యం లభించే పదార్థమైంది. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో హైదరాబాదు పాకశాస్త్ర విభాగంలో చోటు సంపాదించింది. ఈ గౌరవాలు ప్రధానంగా నగరపు వంటకాల కీర్తిని చాటాయి. బగారా అన్నానికి రాజాశ్రయపు గాథ లేదు. దానిని కనిపెట్టిన నవాబు పేరు ఎవరూ చెప్పరు. తల్లి కూతురికి, పెళ్లివంటల మేస్త్రి శిష్యుడికి చేతి కొలతలతో నేర్పినదే దాని గ్రంథం. ఆ కొలతలు తెలిసినవారు తగ్గిపోతే ఆ గ్రంథం కూడా చెరిగిపోతుంది.

సంస్కృతుల సమ్మేళనం దర్బారులలో జరిగిందని చరిత్ర రచనలు తరచు చెబుతాయి. ఆ సమ్మేళనం పల్లెటూరి పెరట్లో, కట్టెల పొయ్యి దగ్గర కూడా జరిగిందని బగారా అన్నం నిరూపిస్తుంది. దానిని వండినవారు రెండు సంప్రదాయాలను కలుపుతున్నామని అనుకొని ఉండరు. వచ్చినవారందరికీ చాలాలన్నదే వారి ఆలోచన.